సిరామిక్ గ్రిల్‌కి ఏ బొగ్గు? సంచి విప్పి చూస్తే తెలిసే సంగతులు

సిరామిక్ గ్రిల్ కొనేవాళ్లు మూత మందమెంత, కీలు ఎంత గట్టిది అని నెలల తరబడి ఆరా తీస్తారు. బొగ్గు దగ్గరికి వచ్చేసరికి దారిలో ఏ స్టోర్ కనిపిస్తే అందులోకి వెళ్లి, చవగ్గా ఉన్న సంచి తెచ్చి పోసేస్తారు. ఐదో గంటకి వేడి పడిపోయిందనీ, చికెన్‌కి ఏదో చేదు పట్టిందనీ ఆ తర్వాత గ్రిల్‌ని తిట్టుకుంటారు. ఆ తిట్లు చాలావరకు బొగ్గుకి తగలాల్సినవి.

బిగ్ గ్రీన్ ఎగ్, కమాడో జో లాంటి గుడ్డు ఆకారపు గ్రిల్లుల్లో వాడే బొగ్గు మీదే ఈ సమీక్ష. ఈ గ్రిల్లులు ఎక్కువగా ఉన్నది అమెరికాలో కాబట్టి అక్కడి సంచుల గురించి ఎక్కువ చెబుతాం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరట్లో ఇది పెట్టుకున్న తెలుగువాళ్లకి అది నేరుగా పనికొస్తుంది. మన ఊళ్లో గోతాల్లో దొరికే బొగ్గు సంగతి చివర్లో ఉంది. తీర్పు మాత్రం ముందే: చెట్టు పేరు, బ్రాండు పేరు రెండూ తర్వాత. ముందు చూడాల్సినవి ముక్క సైజు, మిగిలే బూడిద, కట్టె లోపలిదాకా కాలిందా లేదా అన్నవి.

కారణం గాలి. రేకు గ్రిల్లు సందుసందుల్లోంచి గాలి పీల్చుకుంటుంది, అందులో ఎలాంటి బొగ్గయినా ఎలాగోలా మండుతుంది. సిరామిక్ గ్రిల్‌లో గాలికి ఒకటే దారి. కింద చిన్న తలుపు, దాని వెనక బూడిద రాలే ఖాళీ, ఆ పైన కన్నాల పలక, దాని మీద బొగ్గు, మూత నెత్తిన పొగ పోయే బిళ్ల. 225 ఫారన్‌హీట్, అంటే దాదాపు 107 సెల్సియస్ దగ్గర మేక తొడ నెమ్మదిగా ఉడుకుతున్నప్పుడు కింది తలుపు తెరిచి ఉండేది వేలి మందం కూడా కాదు. ఆ సన్నటి గాలే కన్నాల్లోంచి పైకి రావాలి. కన్నాల మీద గోళీకాయంత ముక్కలు నాలుగు కూర్చున్నా, బూడిద పేరుకున్నా నిప్పుకి ఊపిరాడదు. పోనీ మధ్యలో బొగ్గు వేద్దామంటే మాంసం, జాలీ, దాని కింద వేడిని అడ్డుకునే డిఫ్లెక్టర్ పలక, అన్నీ సలసల కాగుతున్నవాటిని ఒక్కొక్కటే దించాలి. అందుకే ఈ గ్రిల్‌లో బొగ్గు ఒక్కసారే పోస్తారు, పోసింది చివరిదాకా రావాలి.

బ్రికెట్లు ఎందుకు వద్దంటాం

దిండు ఆకారంలో అచ్చుపోసిన బ్రికెట్లు అమెరికాలో ప్రతి కిరాణా కొట్లో ఉంటాయి. వాటిలో పేరున్నది కింగ్స్‌ఫర్డ్. ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో మిగిలిన కలప ముక్కల్ని ఏం చేయాలో తెలియక హెన్రీ ఫోర్డ్ 1920ల్లో మొదలుపెట్టిన వ్యాపారం అది. కర్రబొగ్గు పొడికి రాతిబొగ్గు, సున్నపురాయి, పిండి లాంటివి కలిపి నొక్కుతారు. రాతిబొగ్గు నిలకడగా వేడి ఇవ్వడానికి, సున్నపురాయి నిప్పు పట్టినట్టు తెలిసేలా పైన తెల్లటి బూడిద పొర కట్టడానికి, పిండి అంటుకోవడానికి. మామూలు గుండ్రటి రేకు గ్రిల్‌కి ఇది చక్కటి ఇంధనం, అందులో తప్పు పట్టాల్సింది లేదు. సిరామిక్ గ్రిల్‌లో మాత్రం ఆ బూడిదే పెద్ద సమస్య.

లెక్క చూడండి. గ్రిల్ బొగ్గుకి యూరప్‌లో ఈఎన్ 1860-2 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం కర్రబొగ్గులో బూడిద 8 శాతం దాటకూడదు, బ్రికెట్లలో 18 శాతం దాకా ఉండొచ్చు. మంచి కర్రబొగ్గు 3 శాతం దగ్గరే ఆగుతుంది. 4 కిలోలు పూర్తిగా కాలితే మంచి కర్రబొగ్గు 120 గ్రాముల బూడిద వదులుతుంది, ఆ గరిష్ఠ పరిమితి దగ్గరున్న బ్రికెట్లు 720 గ్రాములు వదులుతాయి. కర్రబొగ్గు బూడిద తేలిక, కాస్త కదిపితే కిందికి రాలిపోతుంది. బ్రికెట్ బూడిద ఉన్నచోటే ముద్దలా నిలబడి కన్నాలు మూస్తుంది. సగం వంటకి వేడి పడిపోవడం అక్కడినుంచే.

తొందరగా అంటుకోవడానికి రసాయనం పూసిన బ్రికెట్లు, లైటర్ ద్రవం అయితే దగ్గరికి కూడా రానివ్వకూడదు. సిరామిక్‌కి సన్నటి రంధ్రాలుంటాయి, ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. ఆ వాసన తర్వాతి వంటల్లో కూడా వస్తూనే ఉంటుంది.

కొబ్బరిచిప్ప బొగ్గుతో చేసిన బ్రికెట్లు వేరే రకం. రాతిబొగ్గు, సున్నపురాయి కలపకుండా కేవలం చిప్పబొగ్గు పొడి, పిండితో చేసినవైతే బూడిద తక్కువ, పొగ దాదాపు ఉండదు, వేడి గంటల తరబడి ఒకేలా ఉంటుంది. అంటుకోవడానికి కర్రబొగ్గు కన్నా రెట్టింపు సమయం తీసుకుంటాయి. హుక్కా కోసం అమ్మే బిళ్లల్లో అగ్గిపుల్ల చూపించగానే చిటపటమంటూ అంటుకునే రకం ఒకటుంటుంది. దానికి రసాయనం పూసి ఉంటుంది, వంటకి పనికిరాదు.

కర్రబొగ్గు సంచులు

ముందుగా అమెరికన్ ఓక్, హికరీ రకం. రాయల్ ఓక్, మిస్సోరి రాష్ట్రంలో తయారయ్యే రాక్‌వుడ్, బిగ్ గ్రీన్ ఎగ్ సొంత పేరుతో అమ్మే సంచి ఈ కోవలోవి. రాక్‌వుడ్‌లో వీటితోపాటు మేపుల్, పీకాన్ కూడా ఉంటాయి. ఈ కట్టెలు మధ్యస్థ సాంద్రతవి. తొందరగా అంటుకుంటాయి, తలుపు కాస్త కదిపితే వేడి వెంటనే మారుతుంది, పొగ వాసన తేలిగ్గా ఉంటుంది. ముక్కలు కూడా ఎక్కువగా మధ్య సైజువే. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చికెన్ టిక్కా, చేప, మొక్కజొన్న పొత్తులు కాల్చుకునే ఇంటికి ఇంతకన్నా ఖరీదైన బొగ్గు అక్కర్లేదు. పచ్చడికి వంకాయ కాల్చాలన్నా ఇదే మేలు. ఖరీదైన గట్టి బొగ్గు మీద వంకాయ తొక్క నిమిషాల్లో మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. వీటిలో లోపం అడుగున మిగిలే నలుసు, సంచికీ సంచికీ ఇది బాగా మారుతుంది. స్టోర్‌లో సంచులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటే అట్టడుగున నలిగినది కాకుండా పైది తీసుకోండి.

రెండోది దక్షిణ అమెరికా గట్టి బొగ్గు. అర్జెంటీనా, పరాగ్వే దేశాల్లో పరుచుకున్న చాకో అడవుల కట్టె ఇది. కమాడో జో బిగ్ బ్లాక్ సంచిలో గువాయకాన్, గువాయాయిబి, మిస్తోల్, తెల్ల కెబ్రాచో అనే నాలుగు కట్టెలుంటాయి. జెలస్ డెవిల్ ఎక్కువగా తెల్ల కెబ్రాచో, పరాగ్వే నుంచి వస్తుంది. పేర్లు కొత్తగా ఉన్నా మరీ పరాయివి కావు, మిస్తోల్ మన రేగు జాతి చెట్టే. ఈ బొగ్గు చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంటుంది, రెండు ముక్కలు తట్టిస్తే ఖణేల్‌మంటుంది. వేడి ఎక్కువ, కాలం ఎక్కువ. నెమ్మది వంటలో 18 గంటల దాకా మండుతుందనీ, ఆర్పి మూడుసార్ల దాకా వాడుకోవచ్చనీ బిగ్ బ్లాక్ కంపెనీ చెబుతుంది. సంచి నిండా పెద్ద ముక్కలుండి గ్రిల్ మూత సరిగ్గా బిగిస్తే ఈ మాట నమ్మదగ్గదే.

ఈ రకంతో ఇబ్బందులు రెండు. నిప్పు పట్టడానికి మొండికేస్తుంది, ఓక్ బొగ్గు పది నిమిషాల్లో రాజుకునే చోట దీనికి పదిహేను, ఇరవై పడుతుంది. మొదట్లో చిటపటలాడుతూ రవ్వలు ఎగరేసే సంచులు కూడా వస్తుంటాయి. ఇంకో సంగతి కూడా ఉంది, చాకో అడవులు వేగంగా తరిగిపోతున్నాయి. సంచి మీద ఎఫ్‌ఎస్‌సి ముద్ర, అంటే అడవిని బాధ్యతగా చూసుకుని తెచ్చిన కట్టె అని ధ్రువీకరించే గుర్తు, ఉందేమో చూసి కొనడం మంచిది.

మూడోది ఫోగో. ఎల్ సాల్వడార్ నుంచి వస్తుంది, ఇంగా అనే చెట్టు కట్టె. ఇంగా మన సీమచింతకి దగ్గరి చుట్టం, మధ్య అమెరికాలో కాఫీ తోటలకి నీడ కోసం పెంచుతారు. అరకులో సిల్వర్ ఓక్ చేసే పని అక్కడ ఇది చేస్తుందన్నమాట. సూపర్ ప్రీమియం అనే నల్ల సంచిలో కనీసం 80 శాతం ముక్కలు 4 అంగుళాలకు పైబడి ఉంటాయని కంపెనీ మాట. ముక్కలు పెద్దవైనా బొగ్గు కెబ్రాచో అంత గట్టిది కాదు కాబట్టి త్వరగానే అంటుకుంటుంది, వేడి చకచకా ఎక్కుతుంది. 500 ఫారన్‌హీట్ పైన నాన్, పిజ్జా చేసేవాళ్లకీ, మాంసం ముక్కని నిప్పుల మీద చురుక్కుమనిపించేవాళ్లకీ ఇది సరిగ్గా అతుకుతుంది.

పెద్ద ముక్క అంటే మంచి ముక్క అనుకోవద్దు. జాలీ వెడల్పు 18 అంగుళాలున్న గ్రిల్‌లో పిడికిలంత ముక్కలు బాగుంటాయి. 13 అంగుళాల చిన్న గ్రిల్‌లో అరచేయంత దుంగలు నాలుగే పడతాయి, వాటి మధ్య ఖాళీలు మిగులుతాయి. ఒక దుంగ కాలి అయిపోయేసరికి పక్కదానికి నిప్పు అందక వంట మధ్యలో వేడి దిగిపోతుంది. చిన్న గ్రిల్‌కి 4 నుంచి 8 సెంటీమీటర్ల ముక్కలు చాలు. అంతకన్నా పెద్దవి వస్తే సంచి విప్పకముందే గచ్చు మీద రెండుసార్లు వేసి కొట్టకండి, అలా చేస్తే సగం పొడవుతుంది. చేతికి తొడుగు వేసుకుని ఒక్కొక్కటి చిన్న సుత్తితో పగలగొట్టాలి.

జపాన్ బించోటాన్ గురించి చాలామంది అడుగుతారు. ఉబామె ఓక్ కట్టెని చివర్లో దాదాపు వెయ్యి డిగ్రీల వేడికి తెచ్చి, ఎర్రగా ఉండగానే బట్టీలోంచి లాగి తడి బూడిదా ఇసకా కప్పి ఆర్పుతారు. అందుకే అది ఇనుములా మోగుతుంది. తెరిచిన చిన్న పొయ్యి మీద, విసనకర్ర విసురుతూ పుల్లలకి గుచ్చిన మాంసం కాల్చడానికి పుట్టిన బొగ్గు అది. మూత బిగించి గాలి తగ్గించే గ్రిల్‌లో వేస్తే ఆరిపోతుంది, డబ్బు దండగ.

మెస్కీట్ కట్టె బొగ్గు గురించి కూడా ఇంకో మాట. టెక్సాస్‌లో విరివిగా దొరుకుతుంది, వేడి బ్రహ్మాండం, వాసన ఘాటు, రవ్వలు విపరీతం. మనూళ్లో సర్కారు తుమ్మ అంటామే, దానికి సొంత చుట్టమే ఈ మెస్కీట్. గుణాలన్నీ అవే.

సంచి విప్పాక

కొత్త సంచి తెచ్చినప్పుడు నేరుగా గ్రిల్‌లో కుమ్మరించకుండా ఒక్కసారి గోనెపట్టా మీద పోసి చూడండి. పది నిమిషాల పని. మంచి ముక్కని విరిస్తే విరిగిన చోట నల్లగా, గాజు పెంకులా మెరుస్తుంది, ఏడాది వలయాలు కనబడతాయి, చేతికి మసి తక్కువ అంటుతుంది. పూర్తిగా కాలని ముక్క విరిగిన చోట గోధుమ రంగులో ఉంటుంది, పీచు లాగుతుంది, తట్టిస్తే మెత్తగా డబ్‌మంటుంది. అదే ఘాటైన తెల్లపొగకీ, చికెన్ తోలు మీద చేరే చేదుకీ మూలం. అలాంటివి పక్కన పడేయక్కర్లేదు. నిప్పు రాజేసేటప్పుడు, వంట పెట్టకముందు పైన వేస్తే కాలిపోతాయి. నెమ్మది వంటలో మాత్రం లోపలికి పోనివ్వొద్దు, ఆరో గంటకి వాటికి నిప్పు అందుతుంది, అప్పటికి మాంసం పైనే ఉంటుంది.

ముక్కలు నాలుగు వైపులా సమంగా, పలకల్లా ఉంటే అది రంపపు మిల్లు తుక్కుతో చేసిన బొగ్గు. శుద్ధమైన కలప తుక్కయితే ప్రమాదమేమీ లేదు, కానీ పల్చగా ఉండి వేగంగా కాలిపోతుంది. మేకు కన్నాలు, రంగు మరకలు, తుప్పు పట్టిన తీగలు కనిపిస్తే మాత్రం ఆ సంచి తిరిగి ఇచ్చేయాలి. పాత తలుపులూ కంచెలూ కాల్చి చేసిన దాంట్లో చెద పట్టకుండా పూసిన మందులు ఉండే ప్రమాదముంది. రాళ్లు ఒకటో రెండో ఎక్కడైనా వస్తాయి, ఏరేయాలి. వేడికి పగిలి ఎగిరే రాయి కంటికి ప్రమాదం.

తర్వాత జల్లెడ. 2 సెంటీమీటర్ల కన్నాలున్న ఇనుప జల్లెడైతే సరి, లేకపోతే ప్లాస్టిక్ పళ్ల బుట్ట చాలు. కిందికి రాలినదంతా తూకం వేస్తే సంచి అసలు ధర తెలుస్తుంది. 10 కిలోల సంచి 600 రూపాయలకి కొని అందులో 2 కిలోలు నలుసు వస్తే, మీరు కిలోకి ఇచ్చింది 60 కాదు, 75. ఖరీదైన సంచీ చవక సంచీ ఇలా తూచి చూస్తే తేడా సగానికి తగ్గడం మామూలే. రాలిన చిన్న ముక్కలు అగ్గి రాజేసే చిమ్నీ డబ్బాకి పనికొస్తాయి, పొడి మొక్కల పాదుల్లోకి.

పేర్చడం, రాజేయడం

పాత బూడిద పూర్తిగా ఊడ్చి, కన్నాల పలకలో ప్రతి కన్నం తెరిచి ఉందో లేదో చూసి అప్పుడు మొదలుపెట్టాలి. పెద్ద ముక్కలు అడుగున చేత్తో పేర్చాలి, కన్నాల మీద అడ్డంగా పడుకోకుండా కాస్త నిలువుగా. వాటి మీద మధ్యరకం, పైన చిన్నవి. సంచి ఎత్తి పోస్తే దీనికి తలకిందులు, నలుసు ముందు జారి అడుగున చేరుతుంది. అడుగు పలక బదులు ఇనుప తీగ బుట్ట పెట్టుకుంటే ఈ బాధ చాలా తగ్గుతుంది. బుట్ట ఎత్తి కుదిపితే బూడిదంతా రాలిపోతుంది, పక్కలనుంచి కూడా గాలి ఆడుతుంది. బొగ్గు కాక ఒక్క వస్తువు కొనమంటే మేం చెప్పేది అదే.

18 అంగుళాల గ్రిల్ నిండా పోస్తే ముక్క సైజుని బట్టి 3.5 నుంచి 5 కిలోలు పడుతుంది. నెమ్మది వంటకి నిండా పోయాలి, తక్కువ పోస్తే ఆదా అవుతుందనేది భ్రమ. కాలనిది మిగిలే ఉంటుంది, గాలి కట్టేస్తే మళ్లీ వాడుకోవచ్చు.

107 నుంచి 120 సెల్సియస్ మధ్య వంటకి మధ్యలో ఒక్కచోటే నిప్పు పెట్టాలి. మైనం కలిపిన చెక్కపొట్టు బిళ్ల ఒకటి చాలు. అది లేకపోతే వంటనూనెలో తడిపి మెలిపెట్టిన కాగితమో, పిడికెడు ఎండు కొబ్బరిపీచో సరిపోతుంది. కర్పూరం, కిరసనాయిలు వద్దు. పదీ పదిహేను నిమిషాలకి నాలుగైదు ముక్కలు ఎర్రబడ్డాక డిఫ్లెక్టర్, జాలీ పెట్టి మూత దించాలి. పైకీ కిందకీ ఉన్న దారులు అప్పుడే కట్టడం మొదలుపెట్టాలి. కావలసిన వేడికి 15, 20 డిగ్రీలు తక్కువ ఉండగానే సగానికి పైగా మూసేయాలి. ఎందుకంటే 18 అంగుళాల గ్రిల్ బరువే 70 కిలోలు దాటుతుంది, అంత మట్టి ఒక్కసారి వేడెక్కితే చల్లబడడానికి గంట పైనే పడుతుంది. దాటిన వేడిని వెనక్కి తెచ్చుకోవడం కన్నా పెద్ద తలనొప్పి ఈ గ్రిల్‌లో ఇంకోటి లేదు.

నాన్, పిజ్జా, టిక్కాలకి మూడుచోట్ల నిప్పు పెట్టి కింది తలుపు బార్లా తెరవాలి. 250 సెల్సియస్ దాటాక మూత ఎప్పుడు ఎత్తినా ముందు రెండు అంగుళాలే ఎత్తి నాలుగు సెకన్లు ఆగాలి. లోపల గాలి చాలక ఉక్కిరిబిక్కిరవుతున్న నిప్పుకి ఒక్కసారిగా గాలి అందితే భగ్గుమని మంట పైకి లేస్తుంది. కనుబొమలు కాల్చుకున్నవాళ్లంతా ఈ ఒక్క పని మర్చిపోయినవాళ్లే.

మాంసం ఎప్పుడు పెట్టాలో థర్మామీటర్ చెప్పదు, పొగ చెబుతుంది. మొదట వచ్చే దట్టమైన తెల్లపొగ బొగ్గులో మిగిలిన తేమ, ఆవిరి పదార్థాలు. అది తగ్గి పల్చగా, నీలంగా, దాదాపు కంటికి ఆనకుండా అయినప్పుడు పెట్టాలి. ఓక్ బొగ్గుకి ఇరవై నిమిషాలు, సగం పచ్చిగా ఉన్న బొగ్గుకి గంట. పూర్తిగా కాలిన మంచి బొగ్గుకి తనదంటూ పెద్ద వాసన ఉండదు. 'కెబ్రాచో రుచి' అని సంచి మీద రాసినా పట్టించుకోనక్కర్లేదు. పొగ రుచి కావాలంటే ఎండిన మామిడి, జామ, హికరీ కట్టె ముక్క ఒకటి రెండు బొగ్గుల మధ్య పాతిపెట్టడమే దారి.

వంట మధ్యలో వేడి పడిపోతుంటే తలుపు ఇంకా తెరవకముందు కింది తలుపులోంచి వంచిన ఇనుప తీగ పెట్టి కన్నాల పలక అడుగున రెండుసార్లు గెలకండి. ఎక్కువసార్లు అదే మందు. అయినా లేవకపోతే బొగ్గు చెమ్మగిల్లిందన్నమాట. దానికి ఆ పూట చేయగలిగిందేమీ లేదు, మాంసం ఓవెన్‌లోకి మార్చుకోవడమే. తలుపులన్నీ కట్టినా వేడి ఎక్కుతూనే ఉంటే తప్పు బొగ్గుది కాదు, మూత అంచున ఉండే పట్టీ అరిగి గాలి చొరబడుతోంది.

మన బొగ్గు

తెలుగు రాష్ట్రాల్లో ఇస్త్రీ బండ్లకీ, తందూరీ పొయ్యిలకీ వెళ్లే బొగ్గులో ఎక్కువ భాగం సర్కారు తుమ్మ. సరుగుడు బొగ్గు కూడా తీరప్రాంతాల్లో దొరుకుతుంది. సర్కారు తుమ్మ కట్టె గట్టిది, బొగ్గు వేడి దిగుమతి సరుకుకి ఏమీ తీసిపోదు. కాకపోతే మట్టి కప్పి కాల్చిన బట్టీ బొగ్గు కాబట్టి ఒకే గోతంలో పూర్తిగా కాలినదీ, సగం కాలినదీ, మట్టిబెడ్డలూ కలిసే వస్తాయి. ముక్కలు చిన్నవి, బొటనవేలు లావు కొమ్మలే ఎక్కువ. తూకం కోసం నీళ్లు చల్లిన గోతం కూడా ఎదురవుతుంది, అడుగున చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది.

దుకాణంలో "తందూరీకి వాడే పెద్ద ముక్కలు కావాలి" అని అడగండి, ఇస్త్రీకి వెళ్లే సన్నం వేరు. తెచ్చాక రెండు రోజులు ఎండలో పోసి, జల్లెడ పట్టి, మట్టీ పీచు ముక్కలూ ఏరేస్తే గోతంలో మూడో వంతు దాకా పోవచ్చు, అయినా ధర గిట్టుబాటే. టిక్కా, చేప, నాన్ లాంటి రెండు గంటల్లోపు వంటలకి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రాజేసే పదిహేను నిమిషాలూ మూత తెరిచి ఉంటుంది, రవ్వలు ఎగురుతాయి కాబట్టి ఎండుటాకులు, పందిరి, ఆరేసిన బట్టలు దగ్గర లేకుండా చూసుకోవాలి. పన్నెండు గంటల వంటకి దీన్ని ఒంటరిగా నమ్మొద్దు. అడుగున కొబ్బరిచిప్ప బ్రికెట్లు రెండు వరసలు, పైన తుమ్మబొగ్గు వేస్తే నిలకడ వస్తుంది.

అపార్ట్‌మెంట్ వాళ్లకి ఒక హెచ్చరిక. అద్దాలు మూసిన బాల్కనీలో, షెడ్డులో బొగ్గు రాజేయకూడదు. పొగ కనిపించకపోయినా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు. చలికాలంలో తలుపులు మూసి గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు తెల్లారేసరికి ప్రాణాలతో లేకపోవడం దీనివల్లే.

నిల్వ, మిగులు

బొగ్గు గాలిలోని తేమని పీలుస్తుంది. వానాకాలంలో విశాఖలోనైనా హ్యూస్టన్‌లోనైనా విప్పిన కాగితం సంచి గోడ పక్కన వదిలేస్తే కొన్ని వారాల్లో అంటుకోవడం మానేస్తుంది. మూత బిగించే ఇనుప డబ్బానో, గట్టి ప్లాస్టిక్ డ్రమ్మో వాడి, నేలకి తగలకుండా చెక్క మీద పెట్టాలి. చెమ్మ బొగ్గు ఎండలో ఆరితే మళ్లీ మామూలుగానే మండుతుంది, పాడయిందని పారేయక్కర్లేదు.

వంట అయ్యాక పైదీ కిందదీ రెండూ పూర్తిగా మూసేస్తే గంటా గంటన్నరలో నిప్పు చస్తుంది. నీళ్లు పోయకూడదు, వేడి సిరామిక్ పగులుతుంది. మర్నాడు మిగిలిన బొగ్గుని కర్రతో కదిపితే నివురు రాలుతుంది. ఆ పాత బొగ్గుని పక్కకి తీసి, కొత్తది అడుగున పోసి, పాతది పైన వేయాలి. ఒకసారి కాలిన బొగ్గులో పొగ పుట్టించే పదార్థాలు మిగలవు కాబట్టి పైన ఉంటే తెల్లపొగ త్వరగా వదులుతుంది. రాత్రంతా సాగే వంటకి మాత్రం పాత బొగ్గు మూడో వంతు మించనివ్వొద్దు, ప్రతిసారీ ముక్క చిన్నదవుతూ కన్నాల్లో ఇరుక్కుంటుంది.

బూడిద చల్లబడినట్టు కనిపించినా అడుగున కణికలు కొన్ని రోజుల దాకా బతికే ఉండొచ్చు. మూతున్న ఇనుప బకెట్‌లో వేసి, కొన్ని రోజులు ఆగి పూర్తిగా చల్లారిందని తేలాకే చెత్తబుట్టలోకో మొక్కల్లోకో వెయ్యాలి. అంట్లు తోముకోవడానికి దాచుకునేవాళ్లయితే కర్రబొగ్గు బూడిదే దాచుకోండి, బ్రికెట్ బూడిద వద్దు.